గుమ్మి చూడకుండానే సంబంధం

మా రోజుల్లో పిల్లను ఇయ్యడానికి పోయిన పెద్దమనుషులు ముందు పిల్లగాణ్ని చూసేవాళ్లు కాదు. దొడ్లో గడ్డివాము ఎంత ఎత్తుందో చూసేవాళ్లు. మంచినీళ్లు అడిగే నెపంతో లోపలికి పోయి గుమ్మి చూసేవాళ్లు. వెదురు తడికకు పేడా మట్టీ కలిపి అలికిన పూత ఎక్కడైనా పగిలిందా, అడుగున చెమ్మ తగిలిందా, ఎలుక తొలిచిందా, గింజ తీసుకునే కంత చేతికి అందేటట్టు ఉందా, ఇవన్నీ ఒక్క చూపులో లెక్కగట్టేవాళ్లు. సంపాదన ఎంతైనా ఉండనీ, దాచుకునే చోటు బాగుంటేనే ఆ ఇల్లు నిలబడుతుందని వాళ్ల నమ్మకం. అది తప్పు కాదని డెబ్బైకి దగ్గరపడుతున్న ఈ వయసులో నేను గట్టిగా చెప్పగలను.

ఇప్పుడు మా చిట్యాల నుంచి బస్సెక్కి హైదరాబాద్ పోయి, యాభై వేలూ అరవై వేలూ పోసి ల్యాప్‌టాప్ కొనుక్కొస్తున్నవాళ్లను చూస్తున్నాను. రంగు చూస్తారు. బరువు చూస్తారు. ఐ5 ఆ, ఐ7 ఆ అని అడుగుతారు. ర్యామ్ ఎంత అని అడుగుతారు. బ్యాగు ఫ్రీగా ఇస్తారా అని కూడా అడుగుతారు. గుమ్మి సంగతి మాత్రం అడగరు. లోపల ఉన్నది హార్డ్ డిస్కా, ఎస్‌ఎస్‌డీనా? ఎస్‌ఎస్‌డీ అయితే ఎటువంటిది? రేపు చెడిపోతే ఊడదీసి మార్చుకోవచ్చా? ఈ మూడు మాటలు అడగకుండానే సంబంధం ఖాయం చేసుకొస్తారు. ఆరు నెలలు తిరక్కముందే నా దుకాణం ముందు నిలబడి "స్లో అయింది" అంటారు. అది ఇప్పుడు స్లో కాలేదు. కొన్ననాడే స్లో. కొత్త మోజులో కనపడలేదు, అంతే.

చిట్యాల బస్టాండ్ దగ్గర నాది జిరాక్స్, డీటీపీ దుకాణం. మొదలుపెట్టిననాడు మా ముందున్న రోడ్డును అందరూ తొమ్మిదో నంబరు హైవే అనేవాళ్లు, ఇప్పుడది 65. పెళ్లి పత్రికలు, బడుల ప్రశ్నపత్రాలు, ఎన్నికల కరపత్రాలు, కోర్టు కాగితాలు, పహాణీ నకళ్లు, ఇన్నేళ్లూ ఇవే నా బతుకు. ఈ బతుకంతా ఒక చిన్న డబ్బా మీద ఆధారపడి ఉందని మొదటి సంవత్సరంలోనే తెలిసింది. ఆ డబ్బా హార్డ్ డిస్క్. అందుకే దాని సంగతి నాకు పట్టినంతగా ప్రాసెసర్ సంగతి ఎన్నడూ పట్టలేదు.

మొదట్లో ఫ్లాపీలు. మూడున్నర అంగుళాల పలక, అందులో పట్టేది 1.44 ఎంబీ. ఇవాళ ఫోన్‌లో తీసే ఒక్క ఫొటో దానికంటే పెద్దది. రంగుల పెళ్లి పత్రిక అచ్చు వేయించాలంటే ఇక్కడ కంపోజ్ చేసి, ఫైలును ముక్కలు చేసి, నాలుగైదు ఫ్లాపీల్లో ఎక్కించి హైదరాబాద్ బస్సెక్కేవాణ్ని. నాలుగో ఫ్లాపీ మొరాయిస్తే మిగతా మూడూ దండగ. అందుకని ప్రతిదానికీ రెండో కాపీ. ఒక కట్ట చేతిసంచిలో, ఇంకో కట్ట చొక్కా లోపల బనియన్ జేబులో. బస్సులో స్పీకర్ పక్కన కూర్చునేవాణ్ని కాదు, అందులో అయస్కాంతం ఉంటుందని. ఇదంతా నాకు ఎవరూ నేర్పలేదు. చోటు తక్కువ, ధర ఎక్కువ, పోతే మళ్లీ రాదు. ఈ మూడూ తెలిసినవాడికి జాగ్రత్త దానంతటదే వస్తుంది.

హార్డ్ డిస్క్ కొనడమంటే అదొక తీర్థయాత్ర. సికింద్రాబాద్ పార్క్ లేన్‌లో చెనాయ్ ట్రేడ్ సెంటర్, సీటీసీ అంటే అందరికీ తెలుసు. 4.3 జీబీ డిస్క్ కొన్ననాడు ఆ మెట్లు పొద్దున ఎక్కితే సాయంత్రం దిగాను. అడిగిన ప్రశ్నలు ఇప్పటికీ గుర్తున్నాయి. నిమిషానికి ఎన్ని చుట్లు తిరుగుతుంది, 5400 ఆ, 7200 ఆ? వేడి ఎంత? వారంటీ ఎన్నేళ్లు? మీద చీటీలో రాసిన సిలిండర్లు, హెడ్లు, సెక్టార్ల లెక్క సరిగా ఉందా? కొన్నాక తువ్వాలలో చుట్టి ఒళ్లో పెట్టుకుని చిట్యాల దాకా వచ్చాను. చంటిపిల్లను తీసుకొచ్చినట్టే తెచ్చాను. లోపల తిరిగే పళ్లెం మీద, దాన్ని చదివే సూది తగిలీ తగలనంత ఎత్తులో, వెంట్రుక మందంలో వెయ్యో వంతు కూడా లేని సందులో తేలుతుంటుందని చదివాను మరి. అటువంటి వస్తువును సామాన్ల స్టాండు మీద పడేస్తామా?

అప్పట్లో డిస్క్ మాట్లాడేది. ఆన్ చేయగానే మెల్లగా ఊపిరి తీసుకున్నట్టు ఒక మోత, తర్వాత చిటచిట. ఆ చిటచిటను బట్టి లోపల ఏం జరుగుతుందో చెప్పేవాణ్ని. కరెంటు పోయి వచ్చిందంటే విండోస్ 98 ముందు నీలం తెరేసి, మీరు సరిగా మూయలేదంటూ స్కాన్‌డిస్క్ నడిపేది. మా దగ్గర కరెంటు రోజుకు ఎన్నిసార్లు పోయేదో ఆ రోజుల్లో బతికినవాళ్లకు చెప్పనక్కర్లేదు. దెబ్బ తిన్న చోట్లను అది ఒక్కొక్కటీ గుర్తు పెట్టేది. వారానికోసారి దుకాణం షట్టర్ సగం దించి డీఫ్రాగ్ పెట్టేవాణ్ని. తెర మీద రంగురంగుల గళ్లు ఒక్కొక్కటీ కదిలి ఒక వరసలో కుదురుకునేవి. చెల్లాచెదురైన ఫైళ్ల ముక్కలను ఒకచోటికి చేర్చడం అది. నేను ఎదురుగా కూర్చుని ఆ గళ్లను చూస్తూ రాత్రి తొమ్మిదింటి దాకా ఉండేవాణ్ని. ఆ ఓపికే నాకు చదువు. డిస్క్ లోపల ఏముందో, ఎందుకు ఆలస్యమవుతుందో ఆ గళ్లే నేర్పాయి.

ఇప్పటి పిల్లలకు ఆ చదువు లేదు. లేకపోతే లేకపాయె, చెప్పేవాళ్లయినా ఉండాలి కదా. 2024 వానాకాలంలో ఉరుమడ్ల నుంచి ఒక తండ్రీ కూతుళ్లు వచ్చారు. పిల్ల డిగ్రీ చదువుతుంది, హైదరాబాద్ హాస్టల్లో ఉంటుంది. ల్యాప్‌టాప్ నా టేబుల్ మీద పెట్టింది.

"తాతా, ఆన్ జేసి చాయ్ తాగొచ్చినా ఓపెన్ అయితలేదు. ప్రాజెక్టు జేసుకుందామంటే హ్యాంగ్ అయి కూసుంటది."

తండ్రి ముఖం చిన్నబుచ్చుకుని ఉంది. "అన్నా, పత్తి అమ్మిన పైసలు పెట్టి కొన్న. మూడేండ్లు గూడ గాలె. గిప్పుడు కొత్తది కావాల్నంటుంది. యాడికెల్లి తేవాలె?"

"కొత్తది ఎందుకు తమ్మీ, ముందు ఇప్పి సూద్దాం ఆగు" అన్నాను.

ఆన్ చేసి గోడ గడియారం చూశాను. విండోస్ వచ్చి, బాణం గుర్తు మాట వినేసరికి ఐదు నిమిషాల నలభై సెకన్లు. ఐ5 ప్రాసెసర్, 8 జీబీ ర్యామ్. కాగితం మీద చూస్తే వంక పెట్టడానికి లేదు. టాస్క్ మేనేజర్ తీశాను. ప్రాసెసర్ వాడకం పదిలోపు, ర్యామ్ సగం, డిస్క్ మాత్రం నూటికి నూరు. జోడెద్దులను కట్టేసి గుడ్డిగుర్రంతో దున్నుతున్నట్టుంది ఆ బండి పని. వెనక మరలు విప్పాను. లోపల రెండున్నర అంగుళాల 1 టీబీ హార్డ్ డిస్క్, నిమిషానికి 5400 చుట్లు. దాని పక్కనే ఎస్‌ఎస్‌డీ పెట్టుకోవడానికి ఎం.2 స్లాట్, దుమ్ము కూడా పట్టకుండా ఖాళీగా ఉంది!

నాకు కోపం వచ్చింది. ఆ స్లాట్ ఉన్నట్టు అమ్మినవాడు ఒక్క మాట చెప్తే ఏం పోయింది? ఆనాడే ఇంకో నాలుగైదు వేలు వేసుకుంటే ఆ పిల్లకు ఇన్నాళ్లూ సుఖంగా గడిచేది. పెట్టె మీద "1 టీబీ" అని పెద్దక్షరాలు, వెయ్యి జీబీ పెద్దదా, ఐదువందలు పెద్దదా అంటే ఎవరైనా వెయ్యే అంటారు. ఎంత పడుతుందో చెప్పి, ఎంతసేపట్లో తీస్తుందో చెప్పకపోవడం నా దృష్టిలో తూకంలో మోసమే.

ఎందుకు ఆలస్యమో ఆ తండ్రికి చెప్పాను, మీకూ చెప్తాను. మాఘమాసంలో చెర్వుగట్టు జాతరకు పోతాం కదా. జడల రామలింగేశ్వరుని దర్శనం చేసుకుని కిందికి దిగితే రంగులరాట్నం ఉంటుంది. మీ పిల్ల ఒక గుర్రం మీద కూర్చుంది. మీరు ఒకచోట నిలబడి ఆ పిల్ల చేతికి బెల్లంపూస అందియ్యాలి. రాట్నం తిరుగుతూనే ఉంటుంది, పిల్ల మీ ముందుకు వచ్చేదాకా ఆగాలి. హార్డ్ డిస్క్ అంతే. నిమిషానికి 5400 అంటే సెకనుకు 90 చుట్లు. ఒక చుట్టుకు సెకనులో వెయ్యో వంతులు పదకొండు. కావలసిన ముక్క సూది కిందికి రావడానికి సగటున అందులో సగం, అంటే ఐదున్నర. అంతకు ముందు సూది తన వరుసలోకి జరగడానికి ఇంకో పది. వెరసి ఒక చిన్న ముక్క తీయడానికి దాదాపు పదిహేను. అంటే సెకనుకు అరవై డెబ్బై ముక్కలు. విండోస్ లేచి కూర్చోవాలంటే చెల్లాచెదురుగా ఉన్న వేల ముక్కలు కావాలి. మరి ఐదు నిమిషాలు పట్టదా?

ఎస్‌ఎస్‌డీలో రాట్నం లేదు, సూది లేదు. ఉన్నదంతా చిప్పులే, కరెంటుతో చదవడమే. అదే చిన్న ముక్క సెకనులో పదివేలో వంతు అటూఇటుగా చేతికొస్తుంది. పెద్ద సినిమా ఫైలును ఏకబిగిన తీసేటప్పుడు హార్డ్ డిస్క్ సెకనుకు నూరు ఎంబీ దాకా ఇస్తే, మామూలు సాటా రకం ఎస్‌ఎస్‌డీ ఐదువందల పైచిలుకు ఇస్తుంది, అంటే ఐదింతలు. చిన్న ముక్కల దగ్గర ఆ తేడా నూరింతలు దాటుతుంది. మనం రోజంతా చేసే పని చిన్న ముక్కలదే. ఈ ఒక్క లెక్క తెలిస్తే సగం మంది కొత్త ల్యాప్‌టాప్ కొనరు, ఉన్నదానికి ఎస్‌ఎస్‌డీ వేసుకుంటారు.

ర్యామ్ పెంచితే సరిపోతుందని ఇంకో మాట వినపడుతుంది. 4 జీబీ ఉన్నవాడికి 8 చేయడం మంచిదే, నేను కాదనను. కానీ ర్యామ్ నిండినప్పుడు విండోస్ మిగిలిన సరుకును డిస్క్ మీదే దించుకుంటుంది. ఆ డిస్క్ రాట్నమైతే పని అక్కడే ఆగిపోతుంది. చిట్టచివరికి ఎటుపోయినా గుమ్మి దగ్గరికే రావాలి.

ఈ రాట్నం సంగతి నిన్నమొన్నటిది కాదు. 1956లో ఐబీఎంవాళ్లు రామాక్ అనే యంత్రంతో మొట్టమొదటి డిస్క్ తెచ్చారు. రెండేసి అడుగుల వెడల్పున్న యాభై పళ్లేలు, దాదాపు టన్ను బరువు. అందులో పట్టింది యాభై లక్షల అక్షరాలు. నా బనియన్ జేబులో పెట్టుకుపోయిన ఫ్లాపీల కట్ట అంత. 1980ల్లో జపాన్‌లో తోషిబా కంపెనీలో ఫుజియో మసువోకా అనే ఇంజనీరు ఫ్లాష్ మెమరీని కనిపెట్టాడు. ఇవాళ మన పెన్ డ్రైవ్, ఫోన్, ఎస్‌ఎస్‌డీ అన్నిటికీ తల్లివేరు అదే. ఒక మనిషి అంత కష్టపడి రాట్నాన్ని ఆపేస్తే, నలభై ఏళ్లయినా మన పిల్లల చేతికి ఇంకా రాట్నాన్నే అంటగట్టేవాళ్లను ఏమనాలి?

హార్డ్ డిస్క్ ఉన్నవాళ్ల సంగతి ఇట్లా ఉంటే, మరీ చవకకు ఆశపడినవాళ్ల సంగతి ఇంకా కష్టం. కరోనా కాలంలో ఆన్‌లైన్ పాఠాల కోసం చిన్నచిన్న ల్యాప్‌టాప్‌లు చాలామంది కొన్నారు. వాటిలో 32 జీబీ, 64 జీబీ ఈఎంఎంసీ అనే చిప్పు ఉంటుంది. అది ఫోన్లకు, చిన్న వస్తువులకు వాడే సరుకు. ఎస్‌ఎస్‌డీలాగే చిప్పే కదా అంటారు. జోడెద్దుల బండీ బండే, పిల్లలాడుకునే తోపుడు బండీ బండే. పైగా దాన్ని మదర్‌బోర్డుకే అతికిస్తారు. విండోస్‌కు అప్‌డేట్ వస్తే పెట్టుకోవడానికి చోటుండదు. పంతుళ్లు తెచ్చి నా టేబుల్ మీద పెట్టి "ఏం తీసేస్తే పడుతుంది" అని అడుగుతారు. తీసేయడానికి పిల్లల పాఠాలు తప్ప ఏముంటాయి? విండోస్ 11కు కనీసం 64 జీబీ ఉండాలని దాన్ని చేసినవాళ్లే అంటుంటే, 64 జీబీతోనే అమ్మడం పాదానికి సరిగ్గా అంతే సైజు బూటు కుట్టినట్టు. సాక్సుకు కూడా చోటు లేదు.

ఇక రెండో ఒడ్డున ఉన్న కుర్రాళ్లు. వీళ్లకు అన్నీ తెలుసు, యూట్యూబ్ చూసి వస్తారు. ఎన్‌వీఎంఈ అనే వేగపు రకం ఎస్‌ఎస్‌డీ కావాలి, అందులోనూ నాలుగో జనరేషన్ కావాలి, సెకనుకు 7000 ఎంబీ రావాలి. ఏం చేస్తావు బాబూ అంటే వర్డ్‌లో రెజ్యూమే, బ్రౌజర్‌లో సినిమా. సాటా ఎస్‌ఎస్‌డీ 550 ఇస్తుంది, మూడో జనరేషన్ ఎన్‌వీఎంఈ 3500 ఇస్తుంది, నాలుగోది 7000 ఇస్తుంది. పెద్ద వీడియోలు ఎడిట్ చేసేవాడికి, పొద్దస్తమానం జీబీలకు జీబీలు కాపీ కొట్టే పెళ్లి ఫొటోగ్రాఫర్‌కు ఆ తేడా కళ్లకు కనపడుతుంది. రెజ్యూమే రాసేవాడికి కనపడదు. హార్డ్ డిస్క్ నుంచి ఏ ఎస్‌ఎస్‌డీకి మారినా బావిలోంచి గట్టు మీదికి వచ్చినట్టే, ఆ తర్వాతివన్నీ గట్టు మీద వేసే నాలుగడుగులు. ఆ మిగిలిన డబ్బులు పెట్టి ఇంకో డ్రైవ్ కొని, దాంట్లో కాపీ పెట్టుకోరా అంటే వినరు.

పైపెచ్చు స్లాట్ చూసుకోరు. ఎం.2 అని రాసి ఉంటే చాలనుకుంటారు. చూయింగ్ గమ్ పలకలాగా ఉండే ఆ ముక్క సాటాది ఉంటుంది, ఎన్‌వీఎంఈది ఉంటుంది. కొన్ని ల్యాప్‌టాప్‌లు ఒకదాన్నే ఒప్పుకుంటాయి. ఆన్‌లైన్‌లో తెప్పించి, పనిచేయక, డబ్బా చింపి, వాపసు తీసుకోనంటే నా దగ్గరికి వస్తారు. మేం సీటీసీ మెట్ల మీద పొద్దంతా నిలబడింది ఈ అవస్థ పడకుండా ఉండడానికే.

ఎస్‌ఎస్‌డీల్లో కూడా నాసిరకం ఉంటుంది. ఒక్కో చిన్న గదిలో ఎన్ని అంకెలు కుక్కారన్నదే దాని కులగోత్రం. మూడు కుక్కితే టీఎల్‌సీ, నాలుగు కుక్కితే క్యూఎల్‌సీ. నాలుగు కుక్కినది చవక, చోటు ఎక్కువ. కానీ పెద్ద ఫైళ్లు ఏకబిగిన పోస్తూపోతే ముందున్న వేగపు తొట్టి నిండిపోయి, కొన్నింటిలో వేగం హార్డ్ డిస్క్ స్థాయికి పడిపోతుంది. డ్రైవ్‌ను అంచుల దాకా నింపితే ఏ రకమైనా నీరసపడుతుంది. ఐదింట ఒక వంతు ఖాళీగా ఉంచండని వచ్చినవాళ్లందరికీ చెప్తాను. గుమ్మిలో గింజ పోసేటప్పుడు పైన జానెడు వదిలేవాళ్లు మావాళ్లు. గింజకు గాలి ఆడాలి. ఇంకొకటి, పాత అలవాటుతో ఎస్‌ఎస్‌డీ మీద డీఫ్రాగ్ కొట్టేవాళ్లున్నారు. నాకు ఇష్టమైన ఆ గళ్ల ఆట దానికి అక్కర్లేదు. అందులో ముక్క ఎక్కడున్నా ఒకే వేగం, ఊరికే రాసిరాసి అరగదీయడమే అవుతుంది.

మా నల్లగొండ ఎండల సంగతి కూడా తలచుకోవాలి. ఏప్రిల్, మే నెలల్లో 44, 45 డిగ్రీలు. ఆ ఎండలో ల్యాప్‌టాప్‌ను పరుపు మీద పెట్టి గాలి రంధ్రాలు మూసేస్తారు. వేడెక్కితే ఎన్‌వీఎంఈ తనను తాను కాపాడుకోవడానికి వేగం తగ్గించుకుంటుంది. 7000 అని కొన్నది పరుపు మీద అందులో ఎంత ఇస్తుందో దేవుడికెరుక. ఒక చెక్కపలక అడుగున పెడితే పోయేదానికి కూలింగ్ ప్యాడ్ అని ఇంకో వెయ్యి తగలేస్తారు.

నా మనసుకు అన్నిటికంటే కష్టంగా ఉండేది విప్పలేని ల్యాప్‌టాప్. మా రోజుల్లో నాలుగు మరలు తీస్తే గుమ్మి చేతికొచ్చేది. ఇప్పుడు సన్నగా ఉండాలని కొన్ని మోడళ్లలో స్టోరేజ్‌ను బోర్డుకే అతికించి పంపుతున్నారు. అది చెడితే బోర్డు మొత్తం మార్చాలి, బోర్డు చెడితే అందులో ఉన్న సరుకు కూడా దానితోనే పోతుంది. మన రేడియో విప్పాం, మోటరు వైండింగ్ చేయించాం, కుట్టుమిషను, టేప్ రికార్డరు అన్నీ విప్పి బాగుచేసుకుని బతికిన జాతి మనది. మన సొంత వస్తువు తలుపు మనమే తెరవలేకపోతే అది మనదెట్లా అవుతుంది? అందుకే కొనేముందు అడగండి: డ్రైవ్ మార్చుకోవచ్చా? లేదంటే ఆ మోడల్ ఎంత అందంగా ఉన్నా లేచి వచ్చేయండి.

2025 అక్టోబర్ 14తో విండోస్ 10కు మైక్రోసాఫ్ట్ మామూలు మద్దతు ఆపేసింది. అప్పటినుంచి నిక్షేపంలాంటి ల్యాప్‌టాప్‌లు పాత ఇనుపసామాను బండి ఎక్కుతుంటే చూస్తున్నాను. కొన్నింటికి విండోస్ 11 ఎక్కదు, నిజమే. కానీ ఒక ఎస్‌ఎస్‌డీ వేసి, లినక్స్ ఎక్కిస్తే అవి ఇంకో నాలుగైదేళ్లు పరుగెత్తుతాయి. తెలుగులోనే కనపడే ఆపరేటింగ్ సిస్టమ్ చేసి పెట్టిన స్వేచ్ఛవాళ్లు మన హైదరాబాద్‌లోనే ఉన్నారు. పారేయడం తెలిసినంత సులువుగా అడగడం తెలియకపాయె. పైగా 2025 చివరి నుంచి ఏఐ డేటా సెంటర్లు మెమరీ చిప్పులన్నీ ఊడ్చుకుపోతుంటే ర్యామ్, ఎస్‌ఎస్‌డీల ధరలు ఎక్కిపోయాయి. 2011లో థాయిలాండ్ వరదల్లో కార్ఖానాలు మునిగితే హార్డ్ డిస్క్ ధర చూస్తుండగానే రెట్టింపు కావడం నాకు గుర్తుంది. ఎక్కడో నీళ్లొస్తే చిట్యాలలో ధర పెరుగుతుంది. చేతిలో ఉన్నదాన్ని కాపాడుకోవాలని ఇంతకంటే ఎవరు చెప్పాలి?

ఇక చావు సంగతి. పాత హార్డ్ డిస్క్ పోయేముందు చెప్పి పోయేది. ముందు మోత మారేది, తర్వాత టక్కు టక్కుమని సూది కొట్టుకునేది, కొన్ని ఫైళ్లు తెరుచుకునేవి కావు. ఆ వారం రోజుల్లో సరుకంతా వేరే డిస్క్‌కు దించుకునేవాళ్లం. ఎస్‌ఎస్‌డీ చాలాసార్లు చెప్పదు. రాత్రి పనిచేస్తుంది, పొద్దునకు లేవదు. పొరపాటున తుడిచేసిన ఫైలును హార్డ్ డిస్క్‌లో అయితే తవ్వి తీసేవాళ్లం. ఎస్‌ఎస్‌డీలో ట్రిమ్ అనే పద్ధతి ఉంటుంది, తుడిచిన చోటును అది వెంటనే ఊడ్చేస్తుంది, ఇక తవ్వడానికి ఏమీ మిగలదు. కరెంటు లేకుండా ఏళ్ల తరబడి బీరువాలో పడేస్తే చిప్పుల్లోని సరుకు మెల్లగా ఆవిరి కావచ్చు కూడా. వేగం ఇచ్చినవాడు జాగ్రత్తను రెండింతలు అడుగుతున్నాడు. మనం ఉన్న జాగ్రత్తను కూడా పోగొట్టుకున్నాం.

"అన్నీ క్లౌడ్‌లో ఉన్నయి" అంటారు. క్లౌడ్ అంటే మబ్బు కాదు, అదీ ఎవరిదో ఒక భవనంలో ఉన్న డ్రైవులే. అమెజాన్‌వాళ్లు 2022 నవంబర్‌లో మన హైదరాబాద్‌లోనే అటువంటి ఏర్పాటు మొదలుపెట్టారు. అక్కడ పెట్టుకోవడం మంచిదే. కానీ పాస్‌వర్డ్ మరిచిపోయి, నంబరు మారిపోయి, ఓటీపీ రాక ఏడ్చినవాళ్లను ఎంతమందిని చూశానో. ఒక కాపీ అక్కడ ఉండనీయండి. ఇంకొకటి మీ ఇంట్లో ఉండాలి.

పోయినేడు వట్టిమర్తి నుంచి ఒక పెద్దాయన వచ్చాడు. వాళ్ల నాయన పేరు మీదున్న పాత పహాణీ నకలు ఎప్పుడో నా దగ్గర స్కాన్ చేయించాడట. భూమి రికార్డు ధరణి పోర్టల్‌లోకి పోయింది, మళ్లీ దాని స్థానంలో భూభారతి వచ్చింది, ఈ మధ్యలో ఇంట్లో ఉన్న కాగితం చెదలు తినేసింది. "ఉన్నదా అన్నా" అని అడిగేటప్పుడు ఆయన గొంతు వణికింది. నేను రెండో కాపీలు దాచే డిస్క్ తీసి, సంవత్సరం చూసి, ఊరి పేరు చూసి తెరిచాను. ఉంది. ప్రింటు తీసి చేతిలో పెడితే ఆయన ఆ కాగితాన్ని కళ్లకద్దుకున్నాడు. ఆ డిస్క్ నిమిషానికి 5400 చుట్లు తిరిగే ముసలి డిస్కే. దాచడానికి అదే చాలు. పరుగెత్తే పని ఒకరిది, కాపలా పని ఒకరిది.

ఉరుమడ్ల పిల్ల సంగతి మధ్యలో ఆపాను కదా. ఆ ఖాళీ స్లాట్‌లో 512 జీబీ ఎస్‌ఎస్‌డీ పెట్టాను, ఆ రోజుకు నాలుగు వేల లోపే దొరికింది. విండోస్ దాని మీదికి ఎక్కించాను. మళ్లీ గడియారం చూశాను. పద్దెనిమిది సెకన్లు. పిల్ల నోటి మీద చేయి పెట్టుకుంది. తండ్రి "గదేనా? గా డబ్బానేనా?" అని రెండుసార్లు అడిగాడు.

పాత హార్డ్ డిస్క్‌ను మళ్లీ లోపలే బిగించవచ్చు, చోటుంది. నేను బిగించలేదు. బయటికి తీసి, ఐదువందల లోపు దొరికే ఒక యూఎస్‌బీ డబ్బాలో పెట్టి తండ్రి చేతికి ఇచ్చాను.

"గిదెందుకన్నా, పాతదే గదా?"

"తమ్మీ, మీ నాయన విత్తనపు వడ్లు యాడ పెట్టెటోడు?"

ఆయన ఒక్క క్షణం ఆలోచించాడు. "అటక మీద. కుండల. బూడిద గలిపి, మూతి అలికి."

"తిండి గింజల గుమ్మిల పొయ్యకపోయెటోడా?"

"అట్లెట్ల పోస్తడన్నా? కరువొస్తే తినేస్తరు గద. విత్తనం ఏరే ఉండాలె."

అంతే, ఆయనకు ఇక నేను చెప్పవలసిందేమీ లేకపోయింది. పిల్ల హాస్టల్ నుంచి పండక్కి వచ్చినప్పుడల్లా తన ప్రాజెక్టులు, సర్టిఫికెట్లు, ఫొటోలు అందులోకి దించాలి, తర్వాత ఆ డబ్బా ల్యాప్‌టాప్‌తో పాటు హైదరాబాద్ పోకూడదు, ఇంట్లోనే ఉండాలి. ఇదీ ఒప్పందం. ఆయన ఆ డిస్క్‌ను భుజం మీది తువ్వాలలో చుట్టాడు. బస్సెక్కి కూర్చున్నాక కిటికీలోంచి చూశాను. సంచిని కాళ్ల దగ్గర పెట్టాడు, తువ్వాల మూటను మాత్రం ఒళ్లో పెట్టుకున్నాడు.